చేతులు కడుక్కుని నారుమడిలోకి

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ పూట పంటలకొచ్చే వైరస్ తెగుళ్ళ గురించి మాట్లాడుకుందాం. నాకిచ్చిన సమయం తక్కువ. అందుకని అన్ని పంటల జోలికీ పోను. నేను కళ్ళారా చూసిన ఒక్క పొగాకు తోట సంగతి చెబుతాను.

కందుకూరు పక్కన మా మేనమామ గారి చేను. డిసెంబరు నెల, తోట మోకాలెత్తు ఎదిగింది. మామయ్య ఒక ఆకు తుంచి, ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకుని "చూడరా" అన్నాడు. ఆకంతా ఒక రంగులో లేదు. లేతాకుపచ్చ, మధ్యమధ్య ముదురాకుపచ్చ మచ్చలు. మన పాత ఇళ్ళల్లో మొజాయిక్ గచ్చు ఉంటుంది చూడండి, అచ్చం అలా. ఈ తెగులుకి మొజాయిక్ అని పేరు రావడం కూడా అందుకే. ముదురుపచ్చ మచ్చ ఉన్నచోట ఆకు కాస్త ఉబ్బి, వేలితో తడిమితే గరుగ్గా తగిలింది.

మామయ్య అప్పటికే రెండుసార్లు మందు కొట్టించాడు. కొట్టులో అడిగితే "ఇది వైరస్ మందు" అని చెప్పి ఇచ్చారట. డబ్బులు పోయాయి, తెగులు పోలేదు. పోదు కూడా. వైరస్ ఒకసారి మొక్కలో చేరాక దాన్ని నయం చేసే మందు రైతు చేతిలో లేదు. ఈ మాట ఇంకోసారి చెబుతాను, వినండి. వైరస్ పట్టిన మొక్కను బాగుచేసే మందు లేదు. మనం చేయగలిగింది ఒక్కటే: అది పక్క మొక్కకు ఎలా వెళ్తోందో కనిపెట్టి ఆ దారి మూసెయ్యడం.

ఆ సాయంత్రం తోట చూడటానికి వ్యవసాయాధికారి ఒకాయన వచ్చారు. ఆయన ఆకు చూశాక పురుగు కోసం వెతకలేదు. సాళ్ళ వెంట నడిచారు. ఒక సాలులో వరసగా పదకొండు మొక్కలకి తెగులుంది, ఆ తర్వాత అన్నీ మంచివే. రెండు సాళ్ళ అవతల మళ్ళీ వరసగా తొమ్మిది. గాలికో పురుగుకో వచ్చినదైతే ఇంత పద్ధతిగా వరస కట్టదు కదా! ఆయన మామయ్య వైపు తిరిగి ఒకటే ప్రశ్న వేశారు.

"నారు పీకింది ఎవరండీ?"

పీకింది మామయ్యే. నారుమడిలో కలుపు తీసింది కూడా ఆయనే. రోజూ పొద్దున్నే చుట్ట వెలిగించుకుని మడి దగ్గర కూర్చునేవాడు. చుట్ట నలిపిన చేత్తోనే నారు సవరించేవాడు. అధికారి ప్రశ్న విని మామయ్య నోట్లో చుట్ట తీసి చేతిలో పట్టుకుని, చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నాకు ఇప్పటికీ ఆయన ముఖం గుర్తుంది.

ఈ వైరస్‌ను తెల్లదోమ, పేనుబంక మోసుకెళ్ళవు. మన చెయ్యే మోస్తుంది. పొగాకు మీద సన్నని నూగు ఉంటుంది. చెయ్యి తగిలితే ఆ నూగు విరుగుతుంది. ఆ కంటికి కనపడని గాయం చాలు వైరస్‌కి. ఈ వైరస్ ఎంత చిన్నదంటే, ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతే ఒక్క మిల్లీమీటరులో మూడు వేలకు పైగా పడతాయి. చిన్నదే కానీ మొండిది. బ్యారన్‌లో, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చేటప్పుడు వేడి 70 డిగ్రీల దాకా వెళ్తుంది. పిండిన పసరులో ఈ వైరస్ చావాలంటేనే 90 డిగ్రీలు దాటిన వేడిలో పది నిమిషాలు ఉంచాలి. కాబట్టి బ్యారన్‌లో కాలిన ఆకులో, చుట్టలో, బీడీలో కూడా అది ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది.

లోకంలో మొట్టమొదట గుర్తించిన వైరస్ ఇదేనండి, పొగాకుదే. రష్యాలో ఇవనోవ్‌స్కీ 1892లో రోగం ఉన్న ఆకుల పసరును బాక్టీరియా కూడా దూరలేని పింగాణీ వడపోతలో వడకట్టారు. ఆ పసరు తగిలించినా మంచి మొక్కకు తెగులొచ్చింది. 1898లో హాలెండ్‌లో బైజరింక్ దీన్నే వైరస్ అని పిలిచారు. మన జిల్లా రైతు రోజూ చేత్తో పట్టుకునే ఆకు నుంచే ఇంత శాస్త్రం పుట్టిందంటే నాకు ఎప్పుడూ ఒళ్ళు పులకరిస్తుంది.

అన్ని వైరస్‌లూ చేతితో రావు, అది కూడా చెప్పాలి. మినుము, పెసరలో పల్లాకు తెగులు, మిరపలో ఆకుముడత తెల్లదోమతో వస్తాయి. అక్కడ పసుపు జిగురు అట్టలు, చేను చుట్టూ జొన్న సాళ్ళు, పల్లాకును తట్టుకునే మినుము రకాలు పనికొస్తాయి. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల్లో ట్రిస్టెజా అనే వైరస్ తెగులు పేనుబంకతోనూ, రోగమున్న చెట్టు అంటుతోనూ వస్తుంది. దారి వేరైతే అడ్డుకట్ట కూడా వేరే వెయ్యాలి. దోమ మందు కొట్టి చేతి వైరస్‌ను ఆపలేం.

మళ్ళీ చేతి దగ్గరికే వస్తాను. నారుమడిలోకి దిగేముందు సబ్బుతో చేతులు కడగాలి, మోచేతుల దాకా. పని మధ్యలో చుట్ట, బీడీ ముట్టుకుంటే మళ్ళీ కడగాలి. నారు పీకేటప్పుడు మధ్యమధ్య వెన్న తీసిన పాలలో చేతులు ముంచుకుంటే ఇంకా మంచిది, పాలలోని మాంసకృత్తులు వైరస్‌ను అంటుకోనివ్వవు. మచ్చ కనపడిన మొక్కను పని అంతా అయ్యాక, చివర్లో పీకాలి. పీకి గోనెసంచిలో వేసుకుని, పక్క మొక్కలకు రాసుకోకుండా బయటికి తేవాలి. గట్టు మీద పారేయకూడదు. ఇదే వైరస్ టమాటాకీ మిరపకీ వస్తుంది. డాబా మీద కుండీల్లో టమాటా పెంచే నెల్లూరు అమ్మలు, ఇంట్లో బీడీ కాల్చేవాళ్ళుంటే వాళ్ళ చేత ఆ మొక్కలు తుంచనివ్వకండి.

ఒక్క విన్నపం. కూలికొచ్చే ఆడవాళ్ళను "మీ వల్లే తెగులొచ్చింది" అనకండి. వాళ్ళకు నీళ్ళూ సబ్బూ పెట్టాల్సింది మనం. పొగాకు జిగురు నల్లగా అరచేతికి పట్టేస్తే రెండుసార్లు తోమితేగానీ వదలదు. దానికి ఓ పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు కూలిలో కొయ్యకండి.

మరుసటి ఏడు ఆగస్టులో మామయ్య మళ్ళీ నారు పోశాడు. మడి గట్టు మీద బకెట్ నిండా నీళ్ళు, పక్కనే కొబ్బరిచిప్పలో సబ్బుముక్క. చుట్ట మాత్రం ఇంటి దగ్గర గొడ్ల చావిట్లో, వాసంలో దోపి ఉండేది. సాయంత్రం మడి పని ముగించుకుని వెళ్ళాకే దాన్ని తీసేవాడు.

నమస్కారం.