నానమ్మ కూడా వచ్చిన శిబిరం

శ్రోతలందరికీ నమస్కారం.

మే నెల వచ్చిందంటే హైదరాబాదు, సికింద్రాబాదు సంఘాల్లో పిల్లలకు సెలవుల బైబిలు పాఠశాలలు మొదలవుతాయి. యువజనుల కూడికలు వేరుగా, స్త్రీల మైత్రి కూడికలు వేరుగా జరుగుతాయి. కుటుంబమంతా కలిసి వెళ్లి, కలిసి ఉండే శిబిరాలు మాత్రం తక్కువ. పోయిన వేసవిలో అటువంటి శిబిరానికి మా ఇంటినుంచి ఐదుగురం వెళ్లి వారం రోజులు ఉండి వచ్చాం. ఆ వారంలోని ఒక్క సాయంత్రాన్ని గురించి మీకు చెప్పాలని ఉంది.

శిబిరం జరిగింది వికారాబాదు దగ్గర, అనంతగిరి కొండలకు కొద్ది దూరంలో ఒక మామిడి తోటలో. మన మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. ఉదయం ఆరు గంటలకు గంట కొట్టేవారు. ధ్యానం, ఫలహారం, వాక్య పరిచర్య, మధ్యాహ్నం కాస్త విశ్రాంతి, నాలుగింటికి టీ, ఆపైన వాలీబాల్. మగవాళ్లు వంతులవారీగా అన్నం గంగాళాలు తోమారు. వెళ్లిన రోజునే అందరి ఫోన్లూ పేర్లు రాసి ఒక ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఇలా అందరూ ఒకచోట చేరి రోజుల తరబడి ఉండటం మనకు కొత్త కాదు. బైబిలులో లేవీయకాండములోని పర్ణశాలల పండుగకు ఇశ్రాయేలీయులు ఏడు రోజులు పర్ణశాలల్లో నివసించాలని ఉంది. మన నగరంలోనే హెబ్రోను అనే ప్రార్థనా మందిరం ఆవరణలో, సువార్తికుడు భక్త్ సింగ్ గారి కాలంలో, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు పందిళ్ల కింద ఉండి, ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసేవారు.

ఇక ఆ సాయంత్రం సంగతి. రోజూ ఆరు నుంచి ఏడు దాకా ఏ కూటమూ పెట్టలేదు. ఒక్కొక్క కుటుంబానికి ఒక చాప ఇచ్చి, తోటలో ఎక్కడైనా పరుచుకుని కూర్చోమన్నారు. ఏం మాట్లాడాలో చెప్పలేదు. మొదటి రెండు రోజులు మా చాప మీద మాటలు సాగలేదు. పదిహేనేళ్ల మా అబ్బాయి గడ్డి పరకలు తుంచుతూ కూర్చున్నాడు. మూడో రోజున మా అమ్మ, ఎవరినీ ఉద్దేశించకుండా, తనలో తాను ఒక పాత కీర్తన అందుకుంది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తన అది. మా అబ్బాయి సంఘంలో కీబోర్డు వాయిస్తాడు కాబట్టి, ఆ రాగం చెవిన పడగానే తల ఎత్తాడు.

"నానమ్మా, ఈ పాట నీకు ఎవరు నేర్పారు?"

"మా తాత, బిడ్డా. మెదక్ గుడికి రాళ్లు మోసిండు గదా, మోసుకుంట పాడేటోడంట. కరువుల తిండి లేకుండె. పొద్దంతా మోస్తే ఇంత తిండి దొరికేదంట."

ఆ గుడి, అంటే మెదక్ చర్చి, మా అబ్బాయికి కొత్త కాదు. ఏటా క్రిస్మసుకు వెళ్తాం. మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించారనీ, పదేళ్లు పట్టిందనీ, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందనీ, గోపురం ఎత్తు 175 అడుగులనీ వాడు సండే స్కూలులో చదివి అప్పజెప్పినవాడే. కానీ ఆ గోడల్లో తన రక్తసంబంధీకుడు మోసిన రాయి ఉందన్న సంగతి వాడికి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

"నెత్తి మీద రాయి ఎట్ల నిలుస్తది నానమ్మా?" అన్నాడు వాడు, తెలియకుండానే ఆమె మాటలోకి దిగిపోయి.

మా అమ్మ మాట్లాడకుండా నా భుజం మీది తువ్వాలు అందుకుంది. దాన్ని మెలిపెట్టి, చుట్టలు చుట్టి, కొసను లోపలికి దోపి, చుట్టకుదురు చేసి వాడి తల మీద పెట్టింది. దాని మీద నీళ్ల చెంబు పెట్టి, "మెడ నిలబెట్టు, కండ్లు ముంగట పెట్టు, నడువు" అంది. వాడు పది అడుగులు వేసేసరికి చొక్కా తడిసిపోయింది. మళ్లీ పెట్టించుకున్నాడు. పక్క చాపల మీది పిల్లలు కూడా వచ్చి వరుసలో నిలబడ్డారు. ఏడింటికి గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇంతకూ మా అమ్మను ఆ శిబిరానికి తీసుకువెళ్లకూడదనే మొదట అనుకున్నాం. ఎండలు, ప్రయాణం, మోకాళ్ల నొప్పులు, ఇంట్లో ఉంటేనే నయం అని నేనే అన్నాను. అక్కడికి చేరాక ఆ మాటే నిజమైనట్టు అనిపించింది. మాకు పైఅంతస్తులో గది ఇచ్చారు. మెట్లకు పట్టుకునే కడ్డీ లేదు. మొదటి రాత్రి ఆమె గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, ఎక్కింది. మరునాడు ఒక కుటుంబం తమ కింది గది మాకు ఇవ్వకపోతే, మేము తిరుగు ప్రయాణం కట్టేవాళ్లమే. ఆ చాప మీది సాయంత్రం మాకు దక్కేది కాదు.

అందుకని, శిబిరాలు నడిపే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మంచి ప్రసంగీకులను పిలుస్తున్నారు, సంతోషం. దానితోపాటు కింది అంతస్తు గదులు పెద్దవారికి ఉంచండి. నేల మీద పరుపు కాకుండా మంచం వేయండి. కుర్చీలాంటి కమోడు ఉన్న మరుగుదొడ్డి దగ్గరలో ఉండాలి. ఇన్సులిను పెట్టుకోవడానికి వంటింటి ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయండి. కుటుంబాలవారు కూడా డబ్బు కట్టకముందే ఫోను చేసి ఈ నాలుగూ అడగండి. అడిగితే ఏర్పాటు చేస్తారు. అడగకపోతే పెద్దవాళ్లను ఇంట్లోనే వదిలి వెళ్తాం, కుటుంబ శిబిరం అన్న పేరు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ ఏడాది ఫారం మా అబ్బాయే నింపాడు. మొదటి వరుసలో నానమ్మ పేరు రాసి, పక్కన "కింది గది కావాలి" అని రాశాడు.