నాలుగో గడిలో ఏముందో ముందే తెలుసు

సభకు నమస్కారం.

కామిక్ స్ట్రిప్ (పత్రికల్లో వరస గళ్లలో వచ్చే బొమ్మల కథ) గురించి ప్రసంగం అంటే బొమ్మల సొగసు గురించి మాట్లాడతారని చాలామంది ఎదురుచూస్తారు. నేను అంతకంటే తక్కువ గౌరవం ఉన్న విషయం ఎంచుకున్నాను. పాఠకుడికి ముందే తెలిసిపోయిన కథను రోజూ మళ్లీ చెప్పే పద్ధతి, ఒక్కమాటలో మూస, ఈనాటి నా అంశం. మన విమర్శలో "మూస కథ" అంటే తిట్టు కిందే లెక్క. కానీ శతక పద్యం చివర మకుటం వచ్చినప్పుడు "మళ్లీ అదేనా" అని ఎవరూ విసుక్కోరు. అది వస్తుందని తెలుసు కాబట్టే, దానికి ముందున్న పాదాల్లో కవి ఈసారి ఏం చెప్పాడా అని చెవి ఒగ్గి వింటాం. కామిక్ స్ట్రిప్‌లో మూస చేసే పని కూడా ఇదేనని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. విన్సర్ మెకే అనే అమెరికన్ చిత్రకారుడు 1904లో న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో శామీ అనే తుమ్ముల పిల్లవాడి స్ట్రిప్ మొదలుపెట్టాడు. మొత్తం ఆరు గళ్లు. మొదటి నాలుగింటిలో చుట్టూ ఉన్న పెద్దవాళ్లు తమ పనుల్లో, తమ కబుర్లలో మునిగి ఉంటారు. శామీ నోరు మాత్రం గడిగడికీ ఇంకాస్త తెరుచుకుంటూ పోతుంది. ఐదో గడిలో తుమ్ము, దాంతోపాటు విధ్వంసం. ఆరో గడిలో వాడికి దక్కే సత్కారం, అంటే సాధారణంగా గెంటివేత. వారం వారం ఇదే వరస కాబట్టి తుమ్ములో ఆశ్చర్యమేమీ మిగలదు. అందుకే పాఠకుడి చూపు మొదటి గడిలోనే వస్తువుల మీదికి మళ్లుతుంది. ఈ వారం ఏవి ఎగిరిపడబోతున్నాయో, ఎవరి పరువు పోబోతోందో అక్కడే లెక్క వేసుకోవడం మొదలవుతుంది.

అలా ఏడాదికి పైగా నడిచాక, 1905 సెప్టెంబరు 24న వచ్చిన స్ట్రిప్‌లో శామీ చుట్టూ మనుషులు లేరు, వస్తువులు లేవు. ఖాళీ గడిలో వాడొక్కడే ఉన్నాడు. పగలడానికి ఇంకేమీ లేకపోవడంతో, వాడు తుమ్మగానే గడి చుట్టూ గీసిన గీతలే విరిగి ముక్కలై వాడి మీద పడ్డాయి. ఇదే బొమ్మను మొదటి వారంలోనే వేసి ఉంటే చిత్రంగా ఉందని అనుకుని పేజీ తిప్పేసేవారు. అంతకుముందు పగిలిన సామానంతా పాఠకుడి జ్ఞాపకంలో ఉంది కాబట్టే ఆ గీతలు పగలడం అంతగా నవ్విస్తుంది.

అదే మెకే ఆ మరుసటి నెలలో, అంటే 1905 అక్టోబరు 15న, నీమో అనే అబ్బాయి కలల కథ ప్రారంభించాడు. ప్రతి వారం పేజీ అంతా కల, చివరి చిన్న గడిలో మంచం మీదనో, మంచం దిగువనో మెలకువ. ముగింపు అంత గట్టిగా బిగిసి ఉండటం వల్ల మిగతా పేజీకి ఎక్కడలేని స్వేచ్ఛ వచ్చింది. 1908 జులైలో వచ్చిన ఒక పేజీలో ఆ మంచానికే కాళ్లు పొడుగ్గా సాగి, నగరంలోని ఇళ్ల కప్పుల మీదుగా నడిచిపోతుంది. కథ చేరవలసిన గమ్యమే బయలుదేరి తిరగడం మొదలుపెట్టిందన్నమాట.

ఇక చోటు సంగతి. స్ట్రిప్ మూసలో సగం కళ నుంచి పుట్టిందైతే మిగతా సగం పత్రికలో దొరికే జాగా నుంచి పుట్టింది. ఛార్లెస్ షుల్జ్ గీసిన పీనట్స్ 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో మొదలైంది. తక్కువ చోటు పట్టే స్ట్రిప్‌గా దాన్ని సంపాదకులకు అమ్మారు. నాలుగు గళ్లూ ఒకే కొలతలో ఉంటే పత్రికవాళ్లు తమ వీలును బట్టి అడ్డంగా ఒక వరసలో వేసుకోవచ్చు, నిలువుగా పేర్చుకోవచ్చు, రెండేసి చొప్పున చదరంగానూ అమర్చుకోవచ్చు. చిత్రకారుడికి మాత్రం ఇది సంకెల. పెద్ద సంఘటనకు పెద్ద గడి ఇచ్చే వీలు లేదు. ఏడుపుకైనా నిట్టూర్పుకైనా అదే కొలత. షుల్జ్ ఆ సమానత్వాన్నే లయగా మార్చుకున్నాడు. ఆయన స్ట్రిప్పుల్లో మూడో గడి చాలాసార్లు మౌనంగా ఉంటుంది. ఎవరూ మాట్లాడరు, పాత్ర ఊరికే అలా చూస్తూ ఉంటుంది. అలాంటి స్ట్రిప్ దొరికితే ఆ గడిని బొటనవేలితో మూసి చదివి చూడండి. మాటల్లో ఒక్క అక్షరమూ పోలేదు, కానీ నవ్వు పోతుంది. ఆలోచించుకోవడానికి పాత్రకు ఇచ్చిన వ్యవధి నిజానికి పాఠకుడికి ఇచ్చిన వ్యవధి అని అప్పుడు తెలుస్తుంది.

ధారావాహిక సాహస స్ట్రిప్పుల మూస ఇంకో రకం. లీ ఫాక్ 1936లో ప్రారంభించిన, అడవిలో ఉండే ముసుగు వీరుడి కథ ఫాంటమ్ వంటి వాటిలో రెండు మూడు గళ్లకు మించి చోటుండదు. మొదటి గడి నిన్నటి కథను గుర్తు చేయాలి, చివరి గడి రేపటి మీద ఆశ పెట్టాలి, కథ నడవడానికి మిగిలేది మధ్యనున్న ఇరుకు మాత్రమే. ఆదివారం సంచిక పాఠకులు, వారపు రోజుల పాఠకులు ఒకరే కాకపోవచ్చు కాబట్టి ఈ స్ట్రిప్‌లో రెంటికీ వేర్వేరు కథలు నడిపారు. కొత్తగా చేరినవాళ్ల కోసం కపాలం మీద చేసిన ప్రతిజ్ఞ, తరతరాల వారసత్వం పదే పదే చెప్పారు. "అడవిలో పాత నానుడి" అంటూ వచ్చే వాక్యాలు నాయకుడి శక్తిని ఒక్క ముక్కలో చెప్పి కథను ముందుకు తోస్తాయి. ఇదంతా ఒకేసారి పుస్తకంగా చదివితే విసుగు పుట్టడం సహజం. రోజుకు పది పన్నెండు సెకన్లు చదివే రచనను గంటసేపు ఏకబిగిన చదివి తప్పుపట్టడం న్యాయం కాదు.

చిహ్నాల భాష మీద ఎక్కువసేపు నిలవను. కంగారు పడితే తల చుట్టూ చెమట చుక్కలు, ఆలోచన తడితే దీపం, నిద్రపోతే దుంగను కోసే రంపం, బూతులకు బదులు అర్థంలేని గుర్తుల వరస. బీటిల్ బెయిలీ అనే స్ట్రిప్ సృష్టికర్త మోర్ట్ వాకర్ 1980లో ఒక పుస్తకంలో వీటికి సరదాగా పేర్లు పెట్టాడు: చెమట చుక్కలు ప్లూడ్స్, బూతు గుర్తులు గ్రాలిక్స్. వేళాకోళంగా పెట్టిన ఆ పేర్లను చిత్రకారులే కాక విమర్శకులు కూడా ఇప్పుడు గంభీరంగానే వాడుతున్నారు.

మూసను ఇంతగా వెనకేసుకొస్తున్నాను కాబట్టి దాని రోగం కూడా చెప్పాలి. స్ట్రిప్ రోజూ అచ్చు కావాలి. చిత్రకారుడికి జ్వరమొచ్చినా గడువు ఆగదు. అలాంటి రోజున మూస చేతికర్రలా ఆదుకుంటుంది. ఆ కర్రతోనే నడక అలవాటైపోతే మూస రబ్బరు ముద్రగా మారుతుంది. అలవాటుగా ఢీకొనే ఇద్దరు మళ్లీ ఢీకొంటారు, సోమవారాన్ని తిట్టే పాత్ర మళ్లీ తిడుతుంది, ఈసారి ఎందుకు జరిగిందో గీసినవాడికే పట్టదు. నా గీటురాయి ఒకటుంది: చివరి గడి మూసేసి, అందులో ఏముందో చెప్పగలిగాక కూడా ముందు గళ్లలో చూడటానికి ఏమైనా మిగిలిందా?

జార్జ్ హెరిమన్ గీసిన క్రేజీ క్యాట్ ఈ గీటురాయి మీద నిలుస్తుంది. 1913 నుంచి 1944 దాకా దాని కథ ఒకటే. పిల్లికి ఎలుక మీద ప్రేమ, ఎలుక దాని తల మీదికి ఇటుక విసురుతుంది, పిల్లి ఆ ఇటుకను ప్రేమకానుకగా భావిస్తుంది, పిల్లిని ప్రేమించే పోలీసు కుక్క ఎలుకను జైల్లో పెడుతుంది. ఈ ముగ్గురి వెనుక ఉన్న ఎడారి మాత్రం గడి మారితే చాలు మారిపోతుంది. ఇక్కడ కొండ ఉన్నచోట అక్కడ చెట్టు, పగలు ఉన్నచోట రాత్రి. పాత్రలు ఎవరూ దాన్ని పట్టించుకోరు. లోకమంతా నిలకడ లేకుండా ఉన్నచోట ఇటుక ఒక్కటే నమ్మదగ్గది.

మళ్లీ షుల్జ్ దగ్గరికి వస్తాను. లూసీ, ఛార్లీ బ్రౌన్ ఆయన పీనట్స్‌లోని పిల్లలు. లూసీ బంతి పట్టుకుంటుంది, ఛార్లీ బ్రౌన్ పరుగెత్తుకొచ్చి తన్నబోయే క్షణంలో బంతి లాగేస్తుంది, అతను వెల్లకిలా పడతాడు. 1952 నుంచి లూసీ చేసిన పని ఇదే. కొత్తదనమంతా అతన్ని ఒప్పించడానికి ఆమె చెప్పే కబుర్లలో ఉంటుంది. 1979లో అతను ఆసుపత్రి పాలైనప్పుడు, కోలుకుంటే ఇక బంతి లాగనని ఆమె మొక్కుకుంది. మాట నిలబెట్టుకుంది కూడా. అయితే అతను గురి తప్పి బంతికి బదులు ఆమె చేతిని తన్నాడు. 1999 అక్టోబరులో ఆ మూస చివరిసారి వచ్చింది. ఈసారి లూసీకి ఇంట్లోంచి పిలుపు రావడంతో ఆమె బంతిని తమ్ముడు రీరన్ చేతికిచ్చి వెళ్లిపోతుంది. తన్నాడా, పడ్డాడా అన్నది షుల్జ్ గీయలేదు. లోపలికి వచ్చిన తమ్ముణ్ని ఆమె ఏం జరిగిందని అడుగుతుంది. అది నీకు ఎప్పటికీ తెలియదు అంటాడు వాడు.