‘తో’ కనబడగానే ‘విత్’ పెట్టేస్తున్నారా?

నమస్కారం. ముందు ఈ వాక్యం ఇంగ్లీషులో చెప్పండి: ‘ఆమెకి ఓ డాక్టరుతో పెళ్లయింది.’

‘షి ఈజ్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్’ అన్నారా? మన ‘తో’ తెచ్చే తంటానే ఇది. అక్కడ ‘టు’ రావాలి: మ్యారీడ్ టు ఎ డాక్టర్. నిశ్చితార్థానికీ అంతే, ఎంగేజ్డ్ టు. అదే ‘పెళ్లి చేసుకుంది’ అనాలంటే మధ్యలో ఏదీ అక్కర్లేదు: షి మ్యారీడ్ ఎ డాక్టర్.

మరి ‘మ్యారీడ్ విత్ టూ కిడ్స్’ అని వింటుంటాం కదా! అది తప్పు కాదు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు అని. ఆ ‘విత్’ పిల్లల లెక్క చెప్పడానికి, మొగుణ్ణి చెప్పడానికి కాదు.

తోడు వెళ్లడానికి ‘అకంపనీ’. ఐ అకంపనీడ్ మై మదర్ టు ద హాస్పిటల్. తోడు అన్న అర్థం ఆ మాటలోనే ఉంది, మళ్లీ ‘విత్’ ఎందుకు? మామూలు మాటల్లో అయితే ‘ఐ వెంట్ విత్ మై మదర్’ హాయిగా ఉంటుంది. భోజనానికి రమ్మనేటప్పుడు ‘జాయిన్ అజ్ ఫర్ లంచ్’ అనండి, ‘జాయిన్ విత్ అజ్’ వద్దు. అన్నట్టు, ‘కంపానియన్’ అనే మాట పుట్టిందే లాటిన్‌లో ‘కలిసి’, ‘రొట్టె’ అనే రెండు మాటల్లోంచి. మన కంచం పొత్తు లాంటిదే.

ఇక ప్రేమ సంగతులు. షి ఈజ్ డేటింగ్ హిమ్, ‘విత్’ లేదు. షి ఈజ్ ఆన్ ఎ డేట్ విత్ హిమ్, ‘విత్’ ఉంది. మొదటిది క్రియ, రెండోది నామవాచకం, అందుకే తేడా. ‘ఇన్ లవ్’, ‘బ్రేకప్’ రెండిటికీ ‘విత్’ కావాలి. ‘షి ఈజ్ సీయింగ్ ఎ డాక్టర్’ దగ్గర మాత్రం జాగ్రత్త: వైద్యం చేయించుకుంటోందో, ఆ డాక్టరుతో ప్రేమలో ఉందో సందర్భాన్ని బట్టే తెలుస్తుంది.

మనం ‘ప్రపోజ్ చేశాడు’ అంటే ఐ లవ్ యూ చెప్పాడని. ఇంగ్లీషువాళ్లకి ‘హి ప్రపోజ్డ్ టు హర్’ అంటే పెళ్లి చేసుకుంటావా అని అడిగాడని. ఈ తేడా తెలియక చెబితే అవతలివాళ్లు కంగ్రాట్స్ చెప్పేస్తారు.

‘లవర్’ ఇంకా ఇబ్బంది. ఇప్పటి ఇంగ్లీషులో అది పడక సంబంధాన్ని గుర్తుచేస్తుంది. ‘దిస్ ఈజ్ మై లవర్’ అని నలుగురిలో పరిచయం చేయకండి. బాయ్‌ఫ్రెండ్, గర్ల్‌ఫ్రెండ్, పార్ట్‌నర్, ఏదైనా పర్లేదు. నిశ్చితార్థం అయిపోతే ఫియాన్సే. పలకడం ఇద్దరికీ ఒకటే. రాసేటప్పుడు అమ్మాయి అయితే చివర ఇంకో ‘ఇ’ (e) చేర్చాలి.