టాయ్ స్టోరీ రివ్యూ: వుడీ అసూయ ఇప్పటికీ ఎందుకు గుచ్చుకుంటుంది?

నమస్కారం అండి. ఈరోజు టాయ్ స్టోరీ గురించి మాట్లాడుకుందాం. 1995లో అమెరికాలో విడుదలైంది. మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా కంప్యూటర్ మీదే తయారైన తొలి పూర్తి నిడివి సినిమా. ఆ రికార్డు సంగతి చాలామందికి తెలుసు. కానీ రికార్డు కోసం ఎవరూ ఒక సినిమాని మళ్ళీ మళ్ళీ చూడరు కదా. నేను చూసేది వుడీ కోసం. ఇంకా సూటిగా చెప్పాలంటే, వుడీ పడే అసూయ కోసం. కథంతా చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ముందు సినిమా చూసి రండి.

ఆండీ అనే పిల్లాడికి వుడీ అనే కౌబాయ్ బొమ్మంటే ప్రాణం. గదిలో మిగతా బొమ్మలకి వుడీయే పెద్దదిక్కు. పుట్టినరోజుకి బజ్ లైట్‌ఇయర్ అనే కొత్త బొమ్మ వస్తుంది. రెక్కలు, లేజర్ లైటు, బటన్ నొక్కితే మాటలు! వుడీకి ఉన్నదల్లా లాగితే మాట్లాడించే ఒక తాడు. ఒక్క పాట అయ్యేసరికి గోడ మీద పోస్టర్లు మారిపోతాయి, దుప్పటి మారిపోతుంది, మంచం మీద ఉండాల్సిన వుడీ బొమ్మల పెట్టెలోకి చేరతాడు. ఇంట్లో రెండో బిడ్డ పుట్టినప్పుడు పెద్ద బిడ్డ ముఖం చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత వుడీ చేసేది తప్పే. బజ్‌ని బల్ల వెనక సందులోకి పడేద్దామనుకుంటాడు. అది చెయ్యి దాటిపోయి, బజ్ కిటికీలోంచి కింద పడిపోతాడు. ఈ సీన్ మొదట ఇలా లేదు. 1993 నవంబరులో, ఈ సినిమా తయారుచేస్తున్న పిక్సార్ స్టూడియో వాళ్ళు అప్పటిదాకా చేసిన రీళ్ళు, డబ్బు పెడుతున్న డిస్నీకి చూపించారు. వాటిలో వుడీ కావాలనే బజ్‌ని బయటికి తోసేస్తాడు, తోటి బొమ్మల మీద నోరు పారేసుకుంటాడు. అలాంటి హీరో ఎవరికీ నచ్చలేదు. పని ఆగిపోయింది. దర్శకుడు జాన్ లాసెటర్, ఆయన టీమ్ మళ్ళీ కూర్చుని కథ తిరగరాశారు. అసూయని మాత్రం తీసేయలేదు, చూడండి. దాన్ని అలాగే ఉంచి, దాని అడుగున ఉన్న భయం మనకి కనపడేలా చేశారు. ఈ సినిమాలో అన్నిటికన్నా గొప్ప పని ఇదేనని నా అభిప్రాయం. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ వచ్చిన తొలి యానిమేషన్ సినిమా కూడా ఇదే.

ఇక గ్రాఫిక్స్. మనుషుల ముఖాలు బిగుసుకుపోయినట్టుంటాయి, పక్కింట్లో బొమ్మల్ని విరగ్గొట్టే సిడ్ అనే పిల్లాడి కుక్క ఒంటిమీద బొచ్చు బొచ్చులా ఉండదు. ఒప్పుకుందాం. అప్పట్లో కంప్యూటర్‌కి జుట్టు, చర్మం చాలా కష్టం. నున్నగా మెరిసే ప్లాస్టిక్ మాత్రం బాగా వచ్చేది. అందుకే బొమ్మల కథ ఎంచుకోవడం అంత తెలివైన పని. బజ్ హెల్మెట్ మీద పడే వెలుగు ఇవాళ్టికీ ముచ్చటగా ఉంటుంది. ఒక్కో ఫ్రేమ్ రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ లెక్కలు కట్టి పూర్తి బొమ్మ గీయడానికి, 45 నిమిషాల నుంచి 30 గంటల దాకా పట్టేదట. మొత్తం ఫ్రేములు లక్షా 14 వేల పైనే!

ఇప్పుడు నేను అసలు మాట్లాడాలనుకున్న సీన్లు. బజ్ తాను బొమ్మనని నమ్మడు, అంతరిక్షాన్ని కాపాడే నిజమైన స్పేస్ రేంజర్‌ననే అనుకుంటాడు. అప్పటిదాకా అది మనకి నవ్వు తెప్పించే విషయమే. తర్వాత వుడీతో పాటు సిడ్ చేతికి చిక్కి, వాడి ఇంట్లో టీవీలో తన ప్రకటనే తను చూస్తాడు. షాపు నిండా తనలాంటి బొమ్మలు. అయినా నమ్మబుద్ధి కాదు. మెట్ల రెయిలింగ్ ఎక్కి, కిటికీలో కనిపించే ఆకాశం వైపు దూకుతాడు. పడిపోతాడు, చెయ్యి ఊడిపోతుంది. వెనకాల ర్యాండీ న్యూమన్ పాట. పిల్లల సినిమాలో ఇంత కఠినమైన నిజాన్ని ఇంత సున్నితంగా చూపించడం నేను చాలా తక్కువగా చూశాను.

ఆ రాత్రి వాన పడుతుంటుంది. బజ్‌ని పేల్చేద్దామని సిడ్ రాకెట్‌కి కట్టేసి ఉంచాడు, వుడీ ఒక ప్లాస్టిక్ క్రేట్ కింద ఇరుక్కుపోయాడు. బజ్‌కి ధైర్యం చెప్పబోతూ, నువ్వు స్పేస్ రేంజర్‌వి కాకపోయినా ఆండీకి నువ్వంటే ఎంత ఇష్టమో తెలుసా అంటాడు. అలా చెబుతూ చెబుతూనే, నీలాంటి బొమ్మ ఉండగా ఆండీకి నేనెందుకు అనే దగ్గరికి వచ్చేస్తాడు. వుడీకి గొంతు ఇచ్చిన టామ్ హ్యాంక్స్ స్వరం అక్కడ ఎంత తగ్గుతుందో వినండి. పాట లేదు, పరుగు లేదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడమే. వుడీ చివరి మాటలకి బజ్ బదులేమీ చెప్పడు, తన కాలి కింద ఆండీ రాసుకున్న పేరు చూసుకుంటాడు. వాళ్ళ స్నేహం నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

ఈ భయం చివర్లో కూడా పూర్తిగా పోదు, అది నాకు చాలా నచ్చుతుంది. క్రిస్మస్‌కి కొత్త బహుమతులు విప్పుతుంటే బొమ్మలన్నీ టెన్షన్‌గా వింటుంటాయి. ఈసారి బజ్ కూడా కంగారు పడుతుంటాడు. వచ్చేది ఏమిటి? కుక్కపిల్ల!

నిడివి 81 నిమిషాలే, పిల్లలతో కలిసి చూడొచ్చు. సిడ్ విరగ్గొట్టి అతికించిన బొమ్మలు, ముఖ్యంగా పసిపిల్ల బొమ్మ తలకి సాలెపురుగు కాళ్ళున్నది, మరీ చిన్నపిల్లల్ని భయపెట్టొచ్చు. ఆ సీన్ వచ్చేటప్పుడు పక్కనే ఉండండి. కాసేపటికి అవే బొమ్మలు బజ్ చెయ్యి అతికిస్తాయని మాత్రం ముందే చెప్పకండి, వాళ్ళంతట వాళ్ళే చూడనివ్వండి.