మన కంప్యూటర్ బయట ఎవరితో మాట్లాడుతోంది? ఫైర్‌వాల్‌తో చూద్దాం

నమస్తే అండీ, వైజాగ్ నుంచి మళ్లీ వచ్చేశా. ఈ వీడియో ముఖ్యంగా మద్దిలపాలెం, ద్వారకానగర్, గాజువాక వైపు నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు నడిపేవాళ్ల కోసం, ఎందుకంటే హాల్‌టికెట్ ప్రింట్ అంటూ రోజంతా ఎవరెవరివో పెన్ డ్రైవ్‌లు దూరేది మీ సిస్టమ్స్‌లోనే. ఇంట్లో ఒక్క లాప్‌టాప్ ఉన్నవాళ్లకీ పనికొస్తుంది, ఉండండి.

ఫైర్‌వాల్, అంటే నెట్ రాకపోకలకి కాపలా కాసేది, ఆన్‌లోనే ఉంది కదా, ఇంకేం టెన్షన్ అంటారు చాలామంది. విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ మంచిదే, దాన్ని ఆపమని నేనెప్పుడూ చెప్పను. కానీ అది మామూలుగా అడ్డుకునేది బయటి నుంచి లోపలికి వచ్చేవాటిని. మన సిస్టమ్ నుంచి బయటికి వెళ్లేదాన్ని మాత్రం ఎవరు, ఎక్కడికి అని అడగదు, వదిలేస్తుంది. నమ్మకపోతే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి డబ్ల్యూ ఎఫ్ డాట్ ఎం ఎస్ సీ అని కొట్టండి. ఇదిగో ఈ లైన్ చదవండి: ఏ రూల్‌కీ తగలని ఔట్‌బౌండ్ కనెక్షన్లు అలో. ఎవరూ మార్చకపోతే ఇలాగే ఉంటుంది.

మరి దాన్నే బ్లాక్‌కి మార్చేస్తే? మార్చొచ్చు, కానీ వెంటనే బ్రౌజర్ ఆగిపోతుంది, మీరు రూల్ రాయని ప్రోగ్రామ్స్ చాలావరకు ఆగిపోతాయి, పైగా ఏది ఆగిందో ఒక్క మాట కూడా చెప్పదు. అప్పుడప్పుడు వచ్చే "అలో యాక్సెస్" బాక్స్ చూసే ఉంటారు, అది బయటి నుంచి కనెక్షన్లు తీసుకుందామని చూసే ప్రోగ్రామ్స్ కోసం. బయటికి వెళ్లేవాటికి అలాంటి బాక్స్ రాదు. అందుకే వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

దానికంటే ముందు, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఒకసారి చూద్దాం. మళ్లీ విండోస్ కీ, ఆర్, ఈసారి రెస్‌మాన్ అని కొట్టండి. రిసోర్స్ మానిటర్ వచ్చింది, నెట్‌వర్క్ ట్యాబ్, కింద టీసీపీ కనెక్షన్స్. ఎడమ పక్క ప్రోగ్రామ్ పేరు, ఇటు రిమోట్ అడ్రస్, అంటే అవతలి సిస్టమ్ ఐపీ అడ్రస్, దాని పక్కన రిమోట్ పోర్ట్, అంటే అక్కడి తలుపు నంబర్ లాంటిది. 443 కనిపిస్తే అది సాధారణంగా హెచ్‌టీటీపీఎస్, అంటే మామూలు వెబ్‌సైట్ దారి. 127తో మొదలయ్యే అడ్రస్ అంటే సిస్టమ్ తనతో తనే మాట్లాడుకుంటోంది, దాన్ని వదిలేయండి. ఇది చూడ్డానికే, ఆపడానికి కాదు, పైగా మీరు చూడని నిమిషంలో వెళ్లిపోయింది మీకు దొరకదు.

ఇప్పుడు అసలు పని. నేను వాడేది సింపుల్‌వాల్, ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనే ఉన్న ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ మీద నడుస్తుంది. గ్రాఫులు కావాలంటే గ్లాస్‌వైర్ అందంగా ఉంటుంది, మీ ఇష్టం. మ్యాక్ వాళ్లకి లులు ఉంది, డబ్బు పెడతామంటే లిటిల్ స్నిచ్, లినక్స్‌లో ఓపెన్‌స్నిచ్. పద్ధతి అన్నిట్లో దాదాపు ఒకటే.

సింపుల్‌వాల్‌లో ఫిల్టర్స్ ఆన్ చేశాక మీరు అనుమతించని ప్రోగ్రామ్ ఏదైనా బయటికి వెళ్లబోతే ఆపేసి, ఇలా మూలలో బాక్స్ చూపిస్తుంది. మొదట్లో విసుగొస్తుంది, నిజంగానే, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ చూసుకోవడానికి అడుగుతుంది, పేరే వినని అప్‌డేటర్ ఒకటి అడుగుతుంది. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటే చెయ్యి దానంతట అదే అలో మీదికి పోతుంది, అలా నొక్కుతూ పోయేదానికి ఇది పెట్టుకోవడం దండగ. తెలియకపోతే లేటర్ నొక్కండి, ఖాళీ దొరికినప్పుడు చూద్దురుగాని.

ఏం చూడాలి? చాలామంది ఐపీ అడ్రస్ పట్టుకుని వెతుకుతారు, నా ఉద్దేశంలో అక్కడ పెద్దగా తేలదు, ఎందుకంటే మంచి ప్రోగ్రామూ చెడ్డ ప్రోగ్రామూ రెండూ అమెజాన్ సర్వర్‌కో మైక్రోసాఫ్ట్ సర్వర్‌కో వెళ్తూ కనిపించొచ్చు. ముందు ఫైల్ ఎక్కడుందో చూడండి. ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు మీకు పదేపదే కనిపిస్తుంది, విండోస్ సర్వీసులు చాలా దాని కిందే నడుస్తాయి, అసలుది విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32లో ఉంటుంది, దాన్ని గుడ్డిగా బ్లాక్ చేస్తే అప్‌డేట్లు ఆగుతాయి, సైట్ పేరు కొడితే దాని అడ్రస్ వెతికిపెట్టడం కూడా ఆగిపోవచ్చు. అదే పేరుతో యాప్‌డేటాలోనో టెంప్ ఫోల్డర్‌లోనో ఉంటే మాత్రం వెంటనే బ్లాక్.

నెట్ సెంటర్ వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయే వైరస్ తెలుసు కదా, దాంట్లో చాలా రకాలు వీబీఎస్ స్క్రిప్టులు, అంటే విండోస్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్ ఫైళ్లు, వాటిని నడిపేది డబ్ల్యూస్క్రిప్ట్ అనే విండోస్ సొంత ప్రోగ్రామ్. అది ఉండేదీ సిస్టమ్32లోనే, ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ సంతకమూ మైక్రోసాఫ్ట్‌దే, అంటే చోటు చూసినా సంతకం చూసినా తప్పు దొరకదు. కాబట్టి ఇంకో ప్రశ్న వేసుకోవాలి: అసలు దీనికి ఇంటర్నెట్‌తో ఏం పని? హాల్‌టికెట్ ప్రింట్ తీసే సిస్టమ్‌లో డబ్ల్యూస్క్రిప్ట్ బయటికి వెళ్తానంటే నాకైతే అనుమానమే, బ్లాక్ చేసేయండి. కమాండ్లు నడిపే విండోస్ ప్రోగ్రామ్ పవర్‌షెల్ కూడా అంతే, మీరు తెరవకుండా అది బయటికి వెళ్తుంటే ఎవరు నడిపిస్తున్నారో చూడాల్సిందే.

ఇంకొకటి. బ్రౌజర్‌కి అలో ఇచ్చాక అందులో ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్, చేసే పని కూడా ఫైర్‌వాల్‌కి బ్రౌజర్ పనిలాగే కనిపిస్తుంది. దానికి ఇది మందు కాదు, ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్లి మీరు పెట్టనివి తీసేయండి.

ఏదైనా గట్టిగా అనుమానం వచ్చిందా, బ్లాక్ నొక్కితే అది బయటికి వెళ్లదు అంతే, సిస్టమ్‌లో మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది. నెట్ కేబుల్ పీకండి, ఆ సిస్టమ్‌లో వాడిన పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవ్వకముందే వెతుకుతుంది, అంతసేపూ ఆ సిస్టమ్ మీద వేరే పని అవ్వదు. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి, అప్లికేషన్లకి ఆఖరి రోజు సాయంత్రం మాత్రం దీన్ని మొదలుపెట్టకండి.