బోరు నీళ్లలో ఎండ ఆనవాళ్లు

అందరికీ నమస్కారం.

"వంద అడుగుల లోతు బోరండీ, అందులోకి పురుగెలా చేరుతుంది?" అని మనవాళ్లు నిబ్బరంగా అంటుంటారు. టెక్సస్‌లోని బ్రషీ క్రీక్‌లో బోర్లు అంతకంటే లోతు. ఇప్పుడు తెలుగువాళ్లు బోలెడంతమంది ఉంటున్న ఆస్టిన్ పక్కనే ఆ ఊరు. 1998 జులైలో పిడుగుపాటుకు అక్కడి మురుగునీటి పంపులు ఆగిపోయాయి. మురుగంతా వాగులో కలిసింది. వాగుకు దూరంగానే ఉన్న ఆ బోర్ల నీళ్లు తాగి, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల సుమారు 1,300 నుంచి 1,500 మందికి విరేచనాలు పట్టుకున్నాయి.

కారణం కింద ఉన్న సున్నపురాయి. నీళ్లు మట్టిలో ఇంకి వడపోతకు గురైతే వేరు, రాతి పగుళ్లలో గొట్టంలో పారినట్టు పారితే వేరు. మన గ్రానైట్ నేలల్లోనూ బోరుకు నీళ్లు పడేది పగుళ్లలోనే కదా! నీళ్లిచ్చే దారే మురుగునూ మోసుకురావచ్చు.

మరి ముందే పసిగట్టడం ఎలా? పరాన్నజీవి కోసమే వెతుకుదామంటే అది 4 నుంచి 6 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. ఒకరోజు ఉంటుంది, మర్నాడు కనిపించదు. మురుగు కలిసిందా అని తెలుసుకోవడానికి చేసే కోలిఫాం బ్యాక్టీరియా పరీక్ష బాగానే వచ్చిందని ధీమా పడటానికీ లేదు. బ్యాక్టీరియాను చంపే మోతాదులో క్లోరిన్ ఈ పరాన్నజీవినేమీ చేయలేదు.

అమెరికా పర్యావరణ సంస్థ 1992లో తెచ్చిన పద్ధతి నాకు భలే ఇష్టం. అందులో దొంగ కోసం కాక, దొంగ వచ్చిన దారి కోసం వెతుకుతారు. చాలా నీటిని ఫిల్టర్‌లో పోనిచ్చి, అందులో చిక్కినదాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. నాచు, డయాటమ్‌లు (గాజులాంటి పెంకు ఉండే అతిచిన్న నాచు జాతి), ఆకుపచ్చ మొక్కల తునకలు, పురుగుల కాళ్లు, రెక్కలు కనిపిస్తే మార్కులు వేస్తారు. 20 గానీ అంతకు మించి గానీ వస్తే ముప్పు ఎక్కువ. ఎండ లేనిదే డయాటమ్ మామూలుగా పెరగదు. చీకటి బోరులో అది కనిపించిందంటే, పైనున్న వాగో చెరువో ఈమధ్యే లోపలికి వచ్చిందన్నమాట. వాగు నీళ్లు రాగలిగితే వాటి వెంట పరాన్నజీవీ రాగలదు.

ఒక చిక్కుంది. మే నెలలో తీసిన శాంపిల్ ఎంత శుభ్రంగా వచ్చినా నేను నమ్మను. పెద్ద వాన పడ్డాక తీయాలి. అంత ఖర్చు మా పంచాయతీ భరించలేదంటారా, ఒక థర్మామీటర్ కొనండి. లోతు నీళ్ల వేడి ఏడాదంతా పెద్దగా మారదు. వాన పడ్డ రెండు మూడు రోజుల్లో బోరు నీళ్ల వేడి మారినా, రంగు తిరిగినా వెంటనే ల్యాబ్‌కు పంపండి.

వెనక బల్ల మీద మైక్రోస్కోప్ కింద డయాటమ్ స్లైడు పెట్టాం. వెళ్లేటప్పుడు ఒకసారి చూసి వెళ్లండి, గాజు పడవలా ఉంటుంది.