రెండు స్లాబుల నడుమ సోలార్ బేరం

నమస్తే. నేనిప్పుడు హనుమకొండలో మా మేనత్త ఇంటి స్లాబు మీద ఉన్నాను. వెనక కనిపిస్తున్నవి ఆరు సోలార్ ప్యానెళ్ళు, మొత్తం మూడు కిలోవాట్ల పైచిలుకు. పక్కన నీళ్ళ ట్యాంకు మీద కోతుల గుంపు కూడా కనిపిస్తోందా? కనిపించనివ్వండి, వాటికీ ఈ కథలో పాత్ర ఉంది.

ఇవాళ్టి విషయం, సోలార్, ఎలక్ట్రిక్ బండ్ల లాంటి వాటికి సర్కారు పథకాలు మార్కెట్‌ను ఎట్లా తయారుచేస్తాయి అనేది. పాలసీ అన్న మాట వినగానే సగం మంది వీడియో ముందుకు జరుపుతారని నాకు తెలుసు. అందుకే పాలసీ కాగితం పక్కన పెట్టి కరెంటు బిల్లుతో మొదలుపెడతా.

ఇది సోలార్ పెట్టకముందు అత్తమ్మ వాళ్ళ మే నెల బిల్లు. 350 యూనిట్లు. ఇంట్లో ఇద్దరే మనుషులు, ఒక ఏసీ, ఒక ఫ్రిజ్, పొద్దంతా తిరిగే ఫ్యాన్లు. మన తెలంగాణలో బిల్లు రేట్లకు కూడా స్లాబులుంటాయి, ఎంత కాలిస్తే ఆ మెట్టు రేటు. నెలకు 200 దాటిన ఇంటి స్లాబుకు మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు, ఆ తర్వాతి వందకు 7.70, మిగిలిన 50కి 9 రూపాయలు. కలిపితే 2,240. ఫిక్స్‌డ్ చార్జీలూ అవీ ఇవీ వేరే.

ఇప్పుడు ఇదే వీధిలో నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాల్చే ఇల్లొకటి ఉందనుకోండి. వాళ్ళకు లెక్క వేరు. మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. అంతా కలిపి 820. ఆ ఇంట్లో ఎవరో గీజరు ఆపడం మర్చిపోయారు, ఒకే ఒక్క యూనిట్ ఎక్కువ కాలింది. స్లాబు మారిపోయింది. బిల్లు 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ 201వ యూనిట్ ఒక్కదాని ఖరీదు 207 రూపాయల పైనే! బంగారం షాపులో తరుగు కూడా ఇంత ఘోరంగా తీయరు.

తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంట్లో సంగతి ఇంకా ముదురు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి నడుస్తోంది కదా. 200 దాకా బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాలి. నెలాఖరుకు మీటరు దగ్గరికి పోయి చూసి ఫ్రిజ్ బంద్ చేసే ఇళ్ళు నాకు తెలుసు.

సోలార్ అమ్మే పిల్లలకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. గేటు దగ్గర వాళ్ళు మొదట అడిగేది మీ స్లాబు ఎన్ని గజాలు అని కాదు, 'ఎండాకాలం బిల్లు ఎంతొస్తది సార్' అని. 200 లోపే అంటే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతారు. ఇంటి మీది స్లాబు సోలార్‌కు చోటిస్తుంది, అంతే. బేరం కుదిర్చేది బిల్లులోని స్లాబు. అందుకే నన్నడిగితే మన దగ్గర అన్నిటికంటే పెద్ద సోలార్ పాలసీ ఆ రేట్ల పట్టికే. దాని మీద ఎవరూ పాలసీ అని రాయలేదు, అంతే తేడా.

సబ్సిడీ సంగతి చూద్దాం. అది కేంద్రానిది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78 వేలు. అత్తమ్మ వాళ్ళకు ఖర్చు రెండు లక్షల దాకా అయింది, సబ్సిడీ పోగా లక్షా ఇరవై రెండు వేలు. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఆశ పెట్టుకోవద్దు. ఎండాకాలంలో నెలకు రెండు వేలు మిగులుతుంది, చలికాలంలో అంత ఉండదు. ఐదారేళ్ళలో పెట్టింది తిరిగి వస్తుంది. ఇదే సోలార్‌ను 200 లోపు ఇంటి మీద పెట్టి లెక్క వేయండి. మనవడి పెళ్ళి దాకా ఆగాలి.

ఇక్కడ ఒక ముడి ఉంది. 350, 400 యూనిట్లు కాల్చే ఇళ్ళే డిస్కంకు, అంటే మనకు కరెంటు అమ్మే కంపెనీకి, మంచి గిరాకీ. వాళ్ళ దగ్గర ఎక్కువ రేటు తీసుకుని, తక్కువ స్లాబు వాళ్ళకు తక్కువకు ఇస్తారు. సోలార్ ముందుగా లాగేసుకునేది సరిగ్గా ఆ మంచి గిరాకీనే. ఒక్క మన దగ్గరే కాదు, దేశంలో ఏ డిస్కంకైనా ఇదే తిప్పలు. ఎవరి అమ్మకం తగ్గుతుందో, నెట్ మీటరు, అంటే మనం లైన్‌లోకి పంపిన కరెంటును కూడా లెక్కపెట్టే మీటరు, పెట్టాల్సింది కూడా వాళ్ళే. 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లో కేంద్రం రూల్స్ మార్చింది కాబట్టి ఒక మెట్టు తగ్గింది.

మా అత్తమ్మ కష్టం మాత్రం వేరు. ప్యానెళ్ళు బిగించిన ఏజెన్సీ, పేరొద్దులెండి, డబ్బులు ముట్టేదాకా రోజుకు రెండుసార్లు ఫోన్ చేశారు. ముట్టాక ఫోన్ ఎత్తలేదు. నెట్ మీటరు కాగితాలు వాళ్ళు పెట్టకపోతే పని కదలదు. మీటరు పడేదాకా మనం వాడగా మిగిలి పైకి లైన్‌లోకి పోయిన కరెంటు మన ఖాతాలో పడదు, సబ్సిడీ కూడా రాదు. ఏడు వారాలు. అత్తమ్మ రోజూ పొద్దున ప్యానెళ్ళు కడిగి, 'ఊరందరికీ పుణ్యానికి కరెంటు ఇస్తున్నం బిడ్డా' అనేది. ఈ పథకంలో ఐదేళ్ళ మెయింటెనెన్స్ బాధ్యత బిగించినవాళ్ళదే. ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

సబ్సిడీ ఎట్లా ఇవ్వాలన్నదానికి అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చేసింది నాకు నచ్చుతుంది. 2007లో ఇళ్ళకు వాట్‌కు రెండున్నర డాలర్లతో మొదలుపెట్టారు. ఇన్ని మెగావాట్లు అమ్ముడయ్యాక ఒక మెట్టు కిందికి, ఇంకొన్ని అమ్ముడయ్యాక ఇంకో మెట్టు. అట్లా చివరికి 20 సెంట్లకు దింపారు. ఎప్పుడు ఎంత తగ్గుతుందో దుకాణం పెట్టినవాడికి ముందే తెలుసు. 2019 చివరికి అక్కడ పది లక్షల కప్పుల మీద సోలార్ వచ్చింది. మన దగ్గర పథకం అంటే బడ్జెట్ రోజు టీవీ ముందు కూర్చుని ఉంటదా ఊడుతదా అని టెన్షన్ పడటం.

సరే, ఇంటి మీంచి పొలానికి పోదాం. రేట్ల పట్టిక సోలార్‌కు చోటే లేకుండా చేసింది అక్కడ. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మోటర్ కనెక్షన్లు పాతిక లక్షల పైమాటే. పరకాలలోనో హుజూరాబాద్‌లోనో బోరు ఉన్న రైతు దగ్గరికి పోయి సోలార్ పంపు కొనమంటే, 'ఎందుకు సారూ, స్టార్టర్ నొక్కితే నీళ్ళొస్తున్నయి కదా' అంటాడు. ఆయన్ని తప్పు పట్టే పని లేదు. ఉచితంగా వచ్చేదానితో ఏ కంపెనీ అయినా ఎట్లా పోటీ పడుతుంది?

కానీ అదే రాష్ట్రంలో లైనే పోని భూములున్నాయి. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు పోడు పట్టాలున్న గిరిజన రైతులకు ఉచిత కరెంటు అన్నది పేపర్‌లో చదివే వార్తే. 2025 మేలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం వీళ్ళ కోసమే. 12,600 కోట్లు, ఐదేళ్ళు, 2 లక్షల 10 వేల మంది రైతులు, 6 లక్షల ఎకరాలు. పంపు మొత్తం సర్కారు ఖర్చే. ఇక్కడ సోలార్‌కు పోటీ డీజిల్ ఇంజనే, లేదంటే వాన కోసం ఆకాశం వైపు చూడటమే. కాబట్టి చోటు సరైనదే. నా అనుమానం ఒకటే. పిడుగు పడి కంట్రోలర్ కాలిపోతే బాగుచేసే మనిషి ఏటూరునాగారంలో ఉంటాడా, లేక వరంగల్ నుంచి రావాలా?

ఈ అనుమానం ఊరికే రాలేదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, భూపాలపల్లి దాటాక, బొడ్రాయి దగ్గర సోలార్ వీధి దీపం స్తంభం ఒకటుంది. పెట్టిన రెండేళ్ళకు బ్యాటరీ పోయింది. ఇప్పుడు ఆ స్తంభానికి బతుకమ్మ పండుగ మైకు కడతారు. ఆ ఊళ్ళో సోలార్ అంటే ఇప్పటికీ నవ్వుతారు. బాగుచేసేవాడిని చూసుకోకుండా ఉచితంగా ఇచ్చిన వస్తువు, తన తర్వాత వచ్చే మంచి వస్తువుకు కూడా పేరు చెడగొట్టి పోతుంది.

మహిళా సంఘాల సోలార్ ప్లాంట్లు ఇంకో దారి. స్వశక్తి సంఘాలతో వెయ్యి మెగావాట్లు పెట్టించాలన్నది రాష్ట్రం ఆలోచన. ఒక మెగావాట్‌కు నాలుగెకరాల దాకా కావాలి, ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. పల్లెల్లో సోలార్ కోసం కేంద్రం పెట్టిన కుసుమ్ పథకం కింద ఇలాంటి చిన్న ప్లాంట్ల దగ్గర యూనిట్ 3 రూపాయల 13 పైసలకు డిస్కం కొంటుంది, ఒప్పందం 25 ఏళ్ళకు. ఏడాదికి 47 లక్షల దాకా అమ్మకం. సంఘం అక్కలకు అప్పు పుట్టాలంటే ఈ ఒప్పందమే ఆధారం. బ్యాంకు మేనేజర్ ఎండను చూసి లోన్ ఇవ్వడు, కొనేవాడి సంతకం చూసి ఇస్తాడు. ఆ కొనేవాడు డబ్బులు టైముకు వేస్తాడా అన్నది అప్పు కట్టే అక్కలు ముందే గట్టిగా అడగాల్సిన ప్రశ్న. ఎందుకంటే ఇక్కడ కొనేది ఒక్కరే.

సర్కారు పెద్ద మొత్తంలో కొంటే ఏమవుతుందో మనం ఎల్ఈడీ బల్బులో చూశాం. 2014 మొదట్లో టెండర్‌లో 310 రూపాయలున్న బల్బు, కోట్ల బల్బులకు కలిపి టెండర్లు పిలిచేసరికి 2016కల్లా 38కి దిగింది. ఇప్పుడు కిరాణా కొట్టులో ఎల్ఈడీ కాని బల్బు అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు.

ఎలక్ట్రిక్ బండ్ల ముచ్చట రెండు ముక్కల్లో. మన రాష్ట్రం 2020 పాలసీలో రోడ్ ట్యాక్స్ మాఫీకి కోటా ఉండేది. మొదటి 2 లక్షల టూవీలర్లకు, మొదటి 20 వేల ఆటోలకు, మొదటి 5 వేల సొంత కార్లకు, ఇట్లా. 2024 నవంబర్ 18 నుంచి ఆ కోటా తీసేసి, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేకుండా చేశారు. కొనేవాడికి కోటా కంటే తేదీ నయం, షోరూంకు పోయేలోపు అయిపోయిందేమో అన్న భయం ఉండదు. మన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సుల్లో చాలావరకు కంపెనీవే. కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కడుతుంది. బ్యాటరీ పాడైతే తలనొప్పి కంపెనీది, అందుకే అవి డిపోలో మూలన పడకుండా తిరుగుతున్నాయి. అమ్మమ్మ ఊరి స్తంభానికి ఈ ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేదో.

ఇక కోతులు. ఓరుగల్లులో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ప్యానెళ్ళు వచ్చిన వారంలోనే అవి కింద దూరి కేబుల్ లాగడం మొదలుపెట్టాయి. 'కోతులకేమన్నా సబ్సిడీ పథకం ఉందారా' అని అత్తమ్మ సీరియస్‌గానే అడిగింది. పైన జాలీ కడితే నీడ పడుతుంది, ఒక ప్యానెల్ మీద నీడ పడినా వరస మొత్తం కరెంటు తగ్గుతుంది. అందుకని పక్కలకూ కిందా మాత్రమే జాలీ. ఆ పని చేసింది ఇదే కాలనీలో కిటికీ గ్రిల్స్ చేసే తమ్ముడు. నిరుడు ఆయన దుకాణం ముందు గ్రిల్స్, గేట్లు ఉండేవి. మొన్న పోతే సగం చోటంతా సోలార్ స్టాండ్లే, గాల్వనైజ్డ్ పైపులే. నేను నోరు తెరవకముందే టేపు తీసుకుని బయటికి వచ్చి, 'ఎన్ని ప్యానెళ్ళన్నా, కోతి జాలీ కూడా కావాల్నా?' అన్నాడు.